గాలిలో గంట - గడప నుంచి గడపకు ఎంత?



"విమానం ఎక్కితే గంటలో దిగిపోవచ్చు." ఈ మాట మనం తరచుగా వింటాం. ఇది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. విమానం గాలిలో ఉండేది గంటే కావచ్చు. కానీ మనం మన ఇంటి గడప దాటి, వెళ్లవలసిన ఇంటి గడప తొక్కేసరికి ఎన్ని గంటలు పడుతుంది?

ఈ లెక్క తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. విమానం అందక డబ్బు పోగొట్టుకుంటారు. అవసరానికి చేరలేక బాధపడతారు. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు. రండి, నేర్చుకుందాం.

దూరం అంటే ఏమిటి?

మన పెద్దవాళ్లు దూరాన్ని కోసుల్లో, ఆమడల్లో చెప్పేవారు. "ఒక పూట నడక" అని కూడా అనేవారు. అంటే దూరాన్ని కాలంతో కొలిచేవారు. అది తెలివైన పద్ధతే. మనిషికి కావలసింది "ఎంత దూరం" అన్నది ఒక్కటే కాదు. "ఎప్పటికి చేరతాం" అన్నది కూడా కావాలి.

దూరం రెండు రకాలు. పొలం దగ్గర దీన్ని చూడవచ్చు. చేనుకు ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా నడిస్తే దగ్గర. గట్టు మీదుగా చుట్టి వస్తే దూరం. కాకి అడ్డంగా ఎగిరి పోతుంది. బండి మాత్రం గట్టు వెంట, బాట వెంట పోవాలి. కాకి పోయే దారిని సూటి దూరం అంటాం. బండి పోయే దారిని రోడ్డు దూరం అంటాం.

విమానం కాకిలాగే సూటిగా పోతుంది కదా అనిపిస్తుంది. పోతుంది. కానీ మనకు కావలసిన ఊరికి సూటిగా పోయే విమానం ఉంటేనే!

మూడు చుక్కలు, ఒక లెక్క

నేల మీద మూడు ముగ్గు చుక్కలు పెట్టండి. కింద ఒక చుక్క. అది కడప. దానికి నేరుగా పైన ఇంకో చుక్క. అది హైదరాబాద్. హైదరాబాద్ చుక్కకు కుడి పక్కన, దూరంగా మూడో చుక్క. అది రాజమండ్రి.

కడపలో విమానాశ్రయం ఉంది. 2015 జూన్‌లో దాన్ని ప్రారంభించారు. రాజమండ్రికీ విమానాశ్రయం ఉంది. అది ఊరి బయట మధురపూడిలో ఉంది. హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్‌లో ఉంది.

ఇప్పుడు దూరాలు చూద్దాం. ఇవన్నీ సుమారు లెక్కలు.

కడప నుంచి రాజమండ్రికి సూటి దూరం 435 కిలోమీటర్లు.
కడప నుంచి హైదరాబాద్‌కు సూటి దూరం 300 కిలోమీటర్లు.
హైదరాబాద్ నుంచి రాజమండ్రికి సూటి దూరం 360 కిలోమీటర్లు.

చిన్న ఊళ్లకు ఎక్కువగా ఏటీఆర్ అనే విమానాలు నడుస్తాయి. వీటికి రెండు పక్కలా పెద్ద ఫ్యాన్‌లాంటి రెక్కలు తిరుగుతుంటాయి. 70 మందికి అటూ ఇటుగా కూర్చుంటారు. పైకి వెళ్లాక గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతాయి. పెద్ద జెట్ విమానాలు గంటకు 800 కిలోమీటర్ల దాకా పోతాయి.

గంట అంటే 60 నిమిషాలు. 60 నిమిషాలకు 500 కిలోమీటర్లు అంటే, 100 కిలోమీటర్లకు 12 నిమిషాలు. ఈ ఒక్క లెక్క గుర్తు పెట్టుకోండి.

కడప నుంచి రాజమండ్రికి 435 కిలోమీటర్లు. నాలుగు వందలకు 48 నిమిషాలు. మిగిలిన 35కు ఇంకో 4 నిమిషాలు. మొత్తం 52 నిమిషాలు. గంట కూడా కాలేదు!

మరి నిజంగా 52 నిమిషాల్లో పోగలమా? పోలేం. ఎందుకో చూద్దాం.

చిన్న ఊరి నుంచి చిన్న ఊరికి

ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు పోవాలంటే అన్నిసార్లూ ఒకే బస్సు దొరకదు. మండలం బస్టాండుకు వచ్చి, అక్కడ ఇంకో బస్సు ఎక్కుతాం. విమానాలదీ అదే పద్ధతి. రెండు చిన్న ఊళ్ల మధ్య రోజూ 70 మంది దొరకడం కష్టం. సీట్లు ఖాళీగా ఉంటే కంపెనీకి నష్టం. అందుకని విమానాలు ఎక్కువగా చిన్న ఊరి నుంచి పెద్ద ఊరికి నడుస్తాయి. మనం పెద్ద ఊరిలో దిగి, ఇంకో విమానానికి మారాలి.

మన లెక్కలో పెద్ద ఊరు హైదరాబాద్. కడప నుంచి హైదరాబాద్‌కు 300. అక్కడి నుంచి రాజమండ్రికి 360. కలిపితే 660 కిలోమీటర్లు. సూటి దూరం 435. అంటే 225 కిలోమీటర్లు ఎక్కువ. విమానం ఎక్కినా మనం చేను గట్టు చుట్టి వచ్చినట్టే!

టికెట్టు మీద గంట ఎందుకు ఉంటుంది?

కడప నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లు. 12 నిమిషాల లెక్కన 36 నిమిషాలు చాలు. కానీ టికెట్టు మీద గంట, గంటా పది నిమిషాలు అని ఉంటుంది. ఈ మిగతా సమయం ఎక్కడికి పోయింది?

విమానం కదలగానే ఎగరదు. ముందు నేల మీద మెల్లగా దొర్లుకుంటూ రన్‌వే దాకా పోతుంది. రన్‌వే అంటే విమానం పరుగెత్తే పొడవాటి బాట. అక్కడ తన వంతు కోసం ఆగుతుంది. తరువాత పరుగెత్తి లేస్తుంది. మెల్లగా పైకి ఎక్కుతుంది. పైకి ఎక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. దిగేటప్పుడు మళ్లీ వేగం తగ్గిస్తుంది. పెద్ద విమానాశ్రయంలో దిగడానికీ వంతు ఉంటుంది. వంతు రాకపోతే ఆకాశంలోనే చుట్టూ తిరుగుతుంది.

గాలి కూడా ముఖ్యమే. సైకిల్ తొక్కేవాళ్లకు ఎదురు గాలి సంగతి బాగా తెలుసు. విమానానికీ అంతే. ఎదురు గాలి ఉంటే ఆలస్యం. వెనుక గాలి ఉంటే తొందరగా పోతుంది.

టికెట్టు మీద రాసే "బయలుదేరే సమయం" అంటే విమానం ఆగిన చోటు నుంచి కదిలే సమయం. "చేరే సమయం" అంటే దిగి, మళ్లీ ఆగే సమయం. కనుక ఈ పనులన్నీ అందులో కలిసి ఉంటాయి. కానీ మన ఇంటి నుంచి విమానాశ్రయానికి పోయే సమయం అందులో ఉండదు. దాన్ని మనమే కలుపుకోవాలి.

అక్కాచెల్లెళ్ల లెక్క

ఒక ఇంటి సంగతి అనుకుందాం. అక్క హైదరాబాద్‌లో, బషీర్‌బాగ్ దగ్గర ఉంటుంది. ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఈమధ్యనే చదవడం, లెక్కలు నేర్చుకుంది. చెల్లెలిని కడపలో ఇచ్చారు. అమ్మ, తమ్ముడు రాజమండ్రిలో ఉంటారు. ఒకరోజు పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మను ఆస్పత్రిలో చేర్చారు. మిమ్మల్ని చూడాలంటోంది అన్నాడు.

చెల్లెలు వెంటనే అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, నేను విమానం ఎక్కేస్తానే. గంటలో పోవచ్చంట గదా!"

"ఏడవకు చెల్లీ. ముందు లెక్క కడదాం. కాగితం తీసుకో. నేను చెప్తా, నువ్వు రాయి."

అక్క చెప్పిన లెక్క ఇది.

ఇంటి నుంచి కడప విమానాశ్రయానికి: 30 నిమిషాలు
అక్కడ ముందుగా ఉండవలసింది: 2 గంటలు
కడప నుంచి హైదరాబాద్: 1 గంట 10 నిమిషాలు
హైదరాబాద్‌లో రెండో విమానం కోసం ఎదురుచూపు: 2 గంటల 30 నిమిషాలు
హైదరాబాద్ నుంచి రాజమండ్రి: 1 గంట 10 నిమిషాలు
దిగి, సామాను తీసుకోవడం: 30 నిమిషాలు
మధురపూడి నుంచి ఊళ్లోకి: 40 నిమిషాలు

మొత్తం: 8 గంటల 30 నిమిషాలు.

"అమ్మో! ఎనిమిదిన్నర గంటలా?" అంది చెల్లెలు.

"అవును. అందులో విమానంలో ఉండేది రెండు గంటల ఇరవై నిమిషాలే. మిగతాదంతా నేల మీదే."

"మరి బస్సుకు పోతే?"

"రోడ్డు 500 కిలోమీటర్లు దాటుతుంది. రాత్రంతా పడుతుంది. ఇవాళ రెండు విమానాలూ దొరికితే విమానమే మేలు. చీకటి పడేలోగా అమ్మ దగ్గర ఉంటావు. రెండో విమానం రేపు పొద్దునకే ఉందంటే మాత్రం బస్సు ఎక్కు. ఇక్కడ రాత్రంతా కూర్చునే బదులు, బస్సులో ఉంటే తెల్లారేసరికి అక్కడికి దగ్గర పడతావు. ముందు టికెట్టు అమ్మే చోట ఆ ఒక్క మాట అడుగు."

చూశారా? "విమానం మంచిదా, బస్సు మంచిదా" అన్నదానికి ఒకే జవాబు లేదు. రెండో విమానం ఎప్పుడు ఉందన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

మరి అక్క ఎలా పోవాలి?

అక్క తన లెక్క తను వేసుకుంది. బషీర్‌బాగ్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం పాతిక, ముప్ఫై కిలోమీటర్లు ఉంటుంది. పూర్వం విమానాలు బేగంపేటలో దిగేవి. అది బషీర్‌బాగ్‌కు చాలా దగ్గర. 2008 మార్చి 23 నుంచి విమానాలు శంషాబాద్‌కు మారాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా దాదాపు పదకొండున్నర కిలోమీటర్ల పొడవున పై వంతెన కట్టారు. 2009 అక్టోబరులో దాన్ని తెరిచారు. దానివల్ల కొంత సమయం కలిసి వస్తుంది. అయినా బషీర్‌బాగ్ చౌరస్తాలో, లక్డీకాపూల్‌లో బండ్లు ఆగిపోతే ఎవరం ఏం చేయగలం? అందుకని అక్క గంటన్నర వేసుకుంది.

ఇంటి నుంచి శంషాబాద్: 1 గంట 30 నిమిషాలు
ముందుగా ఉండవలసింది: 2 గంటలు
విమానం: 1 గంట 10 నిమిషాలు
సామాను: 30 నిమిషాలు
ఊళ్లోకి: 40 నిమిషాలు

మొత్తం: 5 గంటల 50 నిమిషాలు.

గోదావరి ఎక్స్‌ప్రెస్ రైలు సాయంత్రం హైదరాబాద్ నుంచి బయలుదేరుతుంది. అర్ధరాత్రి దాటాక రాజమండ్రి చేరుతుంది. అంటే దాదాపు 8 గంటలు. విమానానికి, రైలుకు తేడా రెండు, మూడు గంటలే! ఛార్జీలో తేడా మాత్రం చాలా ఎక్కువ. పొద్దున విమానంలో సీటు ఉంటే, చేతిలో డబ్బు ఉంటే విమానం. లేకపోతే సాయంత్రం రైలు. అక్క రైలుకే పోదామనుకుంది. మిగిలిన డబ్బు అమ్మ మందులకు పనికొస్తుందని అనుకుంది.

నిన్న ఉన్న విమానం నేడు ఉంటుందా?

2016లో కేంద్ర ప్రభుత్వం ఉడాన్ అనే పథకం పెట్టింది. చిన్న ఊళ్లకు విమానాలు నడపాలి, సామాన్యులు కూడా ఎక్కగలగాలి అన్నది దాని ఉద్దేశం. గంట ప్రయాణానికి 2,500 రూపాయలకు మించకుండా కొన్ని సీట్లు ఇవ్వాలని అప్పట్లో నిర్ణయించారు. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద మొదటి విమానాలు నడిచాయి. ఆ రోజు మొదలైన మూడు దారుల్లో మన కడప - హైదరాబాద్ దారి ఒకటి. మిగతావి సిమ్లా - ఢిల్లీ, నాందేడ్ - హైదరాబాద్.

కడప దారిలో ఆ విమానం నడిపింది ట్రూజెట్ అనే సంస్థ. 2022లో ఆ సంస్థ విమానాలు ఆగిపోయాయి. ఉడాన్ పథకంలో ప్రభుత్వం ఒక దారికి ఇచ్చే సాయం మూడేళ్ల వరకే. ఆ తరువాత తగినంత మంది ఎక్కకపోతే కంపెనీలు ఆ దారి మానుకుంటాయి. కొన్నాళ్లకు వేరే కంపెనీ రావచ్చు. రాకపోవచ్చు.

అందుకని "పోయినేడు మా మరిది పోయాడు, రోజూ ఉంది" అన్న మాట నమ్మి బయలుదేరకూడదు. చిన్న ఊళ్లకు కొన్ని విమానాలు వారంలో కొన్ని రోజులే ఉంటాయి. ఏ రోజు, ఏ సమయం అన్నది ప్రతిసారీ కొత్తగా అడిగి తెలుసుకోవాలి.

టికెట్టు చదవడం ఎలా?

టికెట్టు ఇంగ్లీషులో ఉంటుంది. భయపడకండి. అంకెలు మనకు వచ్చినవే. ఊరి పేరుకు మూడు ఇంగ్లీషు అక్షరాల గుర్తు ఉంటుంది. కడపకు సీ-డీ-పీ. రాజమండ్రికి ఆర్-జే-ఏ. హైదరాబాద్‌కు హెచ్-వై-డీ.

సమయం 24 గంటల లెక్కలో ఉంటుంది. మధ్యాహ్నం 12 దాటాక 13, 14, 15 అని పోతుంది. 13 గానీ అంతకు మించిన అంకె గానీ ఉంటే దానిలోంచి 12 తీసేయండి. 15:40 అని ఉంటే 15లోంచి 12 పోతే 3. అంటే మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలు. 21:10 అంటే రాత్రి 9 గంటల 10 నిమిషాలు.

అర్ధరాత్రి విమానంతో మరీ జాగ్రత్త! 15వ తేదీ 00:30 అని ఉంటే, అది 14వ తేదీ రాత్రి పన్నెండున్నర. 14వ తేదీ రాత్రి భోజనం చేసి ఇంటి నుంచి బయలుదేరాలి. 15వ తేదీ రాత్రి పోతే విమానం ముందురోజే వెళ్లిపోయి ఉంటుంది.

పేరు సరిచూసుకోండి. మీ గుర్తింపు కార్డు మీద ఉన్న పేరే టికెట్టు మీద ఉండాలి. మన దేశంలో పోయే విమానాలకు సాధారణంగా గంట ముందే కౌంటర్ మూసేస్తారు. ఆ తరువాత పోతే సామాను తీసుకోరు. అందుకే రెండు గంటల ముందు ఉండాలని చెప్పేది. కత్తులు, కత్తెరలు, అగ్గిపెట్టెలు చేతి సంచిలో పెట్టకండి. తనిఖీ దగ్గర ఆపుతారు. సమయం పోతుంది.

రెండు విమానాలు మారవలసి ఉంటే, రెండూ ఒకే టికెట్టు మీద ఉండేలా అడగండి. అలా ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు కంపెనీయే వేరే దారి చూపాలి. రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఆ నష్టం మన నెత్తిన పడుతుంది.

కువైట్ గడియారం

కడప, గోదావరి జిల్లాల నుంచి చాలామంది ఆడవాళ్లు పని కోసం కువైట్ పోతుంటారు. వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కువైట్‌లో గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. సూర్యుడు మనకు ముందు ఉదయిస్తాడు. వాళ్లకు తరువాత ఉదయిస్తాడు. అందుకే ఈ తేడా.

హైదరాబాద్ నుంచి కువైట్‌కు సూటి దూరం దాదాపు 3,400 కిలోమీటర్లు. విమానం పొద్దున 10:00కు బయలుదేరి 12:15కు చేరుతుందని టికెట్టు మీద ఉందనుకుందాం. చూస్తే రెండుంపావు గంటలే అనిపిస్తుంది. కానీ 12:15 అన్నది కువైట్ సమయం. అప్పుడు మనకు మధ్యాహ్నం 2:45. అంటే ప్రయాణం 4 గంటల 45 నిమిషాలు. టికెట్టు మీద ఎప్పుడూ ఏ ఊరి సమయం ఆ ఊరిదే రాస్తారు.

ఇంట్లో వాళ్లకు ఈ లెక్క తెలిస్తే "ఇంకా ఫోన్ రాలేదే" అని గాబరా పడరు.

మీరే లెక్క కట్టండి

1. విమానం గంటకు 500 కిలోమీటర్లు పోతుంది. 200 కిలోమీటర్లు పోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?

2. టికెట్టు మీద 17:20 అని ఉంది. అది ఎన్ని గంటలకు? మీ ఇంటి నుంచి విమానాశ్రయానికి గంటన్నర పడితే, రెండు గంటల ముందు అక్కడ ఉండాలంటే, ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరాలి?

3. కువైట్‌లో రాత్రి 8 గంటలు అయింది. మన ఊళ్లో ఎంత అవుతుంది?

జవాబులు: 1. 24 నిమిషాలు. 2. సాయంత్రం 5 గంటల 20 నిమిషాలు. మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలకు బయలుదేరాలి. 3. రాత్రి పదిన్నర.

మాట్లాడుకుందాం

కడప అన్న పేరు గడప అన్న మాట నుంచి వచ్చిందని చెబుతారు. తిరుమల వెంకన్న కొండకు అది గడప అట. మనం ప్రయాణం లెక్క కూడా గడప దగ్గరే మొదలుపెట్టాలి. విమానాశ్రయం దగ్గర కాదు.

మీ ఊరి నుంచి మీ పుట్టింటికి సూటి దూరం ఎంత ఉంటుంది? రోడ్డు దూరం ఎంత? గడప నుంచి గడపకు ఎంత సేపు? ఎన్నిచోట్ల మారాలి? ఎక్కడ ఎక్కువసేపు ఆగాలి? ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంట్లో అందరికీ కనిపించే చోట దాన్ని అంటించండి. అవసరం అర్ధరాత్రి వచ్చినా, ఆ కాగితం చూసి ఏది ఎక్కాలో మీరే నిర్ణయించుకోగలరు.